ఖాళీ ఫ్రేముకి ఇంజన్ కుదర్చడం

పాత మోటార్‌సైకిల్ కస్టమ్ ఫ్రేము చేతికొచ్చిన కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "అన్నా, దీంట్లో ఏ ఇంజన్ పెడితే బాగుంటుంది?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "దీంట్లోంచి ఏ ఇంజన్ తీశారు తమ్ముడూ?" చాలామందికి తెలియదు. ట్యాంకు ఏ రంగో అప్పటికే ఖాయమై ఉంటుంది, సీటు బొమ్మ ఫోన్‌లో ఉంటుంది. ఇంజన్ గురించి మాత్రం "పవర్ బాగా ఉండాలి" అన్న ఒక్క మాటే. పవర్ సంగతి చివర్లో మాట్లాడుకుందాం, ఎందుకంటే అది చివర్లో తేలాల్సిన సంగతే.

ఫ్రేములు కోయడం, అతకడం, వంకర తీయడం నా పని. నా బెంచి మీదకి వచ్చే గొడవల్లో ఎక్కువ ఒకే వరసలో పుడతాయి. దొరికింది కదా అని ముందు ఇంజన్ కొంటారు. అది ఫ్రేములో పట్టదు. పట్టించడానికి ఫ్రేమును కోస్తారు. కోసిన ఫ్రేము వెల్డింగ్ వేడికి లాగేస్తుంది, బండి ఒక పక్కకి పోతుంది. నేను చెప్పే వరస దీన్ని తిరగేసింది. ముందు ఫ్రేము ఎవరిదో తేల్చాలి, తర్వాత కొలవాలి, ఆ తర్వాత ఉత్తుత్తి ఇంజన్ ఒకటి పెట్టి చూడాలి. అసలు ఇంజన్‌కి డబ్బు తీసేది అప్పుడే.

ఆ ఫ్రేము ఎవరిది?

కస్టమ్ ఫ్రేమని చెప్పి మీకు అమ్మింది అసలు కంపెనీ ఫ్రేమే కావచ్చు, లోపల ఇంజన్ మాత్రం మారి ఉండొచ్చు. ఈ రకంలో అందరికంటే పేరున్నది నార్టన్ ఫెదర్‌బెడ్. బెల్‌ఫాస్ట్‌కి చెందిన మెక్‌కాండ్లెస్ అన్నదమ్ముల సృష్టి, 1950లో నార్టన్ రేసు బళ్లకి వచ్చింది. దీంట్లో ట్రయంఫ్ ట్విన్ (రెండు సిలిండర్ల ఇంజన్) పెడితే ట్రైటన్, విన్సెంట్ వీ-ట్విన్ పెడితే నార్విన్. ఇన్ని ఖాళీ ఫెదర్‌బెడ్‌లు ఎక్కడివని అడిగితే, దానికో కథ ఉంది. ఆ రోజుల్లో 500 సీసీ బుల్లి రేసు కార్లు నడిపేవాళ్లకి నార్టన్ రేసు బండి మాంక్స్‌లోని ఇంజన్ కావాలి, నార్టనేమో ఇంజన్‌ను విడిగా అమ్మదు. దాంతో వాళ్లు బండి మొత్తం కొని, ఇంజన్ పీక్కుని, మిగతాది వదిలించుకునేవారు. అప్పటికి ప్రపంచంలోకెల్లా మంచి ఫ్రేముల్లో ఒకటి ఇంజన్ లేకుండా మూలన పడి ఉంటే, చేతిలో ట్రయంఫ్ ఇంజన్ ఉన్నవాడు ఊరుకుంటాడా? ఫెదర్‌బెడ్‌లోనూ రెండు రకాలున్నాయి: ముందు వచ్చింది వైడ్‌లైన్, 1960లో వచ్చింది స్లిమ్‌లైన్. సీటు ముందు భాగంలో, అంటే మోకాళ్లు ఆనే చోట, పై గొట్టాలు దగ్గరికి వచ్చి ఉంటే అది స్లిమ్‌లైన్. ట్యాంకు, సీటు కొనేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి.

ఒకే ఇంజన్ కోసం పుట్టిన ఫ్రేముల సంగతి వేరు. ఇంగ్లండ్‌లో రిక్‌మన్ అన్నదమ్ములు మెటిస్ పేరుతో నికెల్ పూత వేసిన ఫ్రేములు చేశారు. కోలిన్ సీలీ మ్యాచ్‌లెస్ జీ50 ఇంజన్‌తో మొదలుపెట్టిన కాలంలోనే పేరు తెచ్చుకున్నాడు. స్విట్జర్లాండ్‌లో ఫ్రిట్జ్ ఎగ్లీ లావుపాటి ఒకే గొట్టాన్ని వెన్నెముకగా పెట్టి ముందు విన్సెంట్‌కి, తర్వాత జపాన్ నాలుగు సిలిండర్ల ఇంజన్లకి ఫ్రేములు కట్టాడు. రిక్‌మన్ అంటే ట్రయంఫ్ ఇంజనే అనుకుంటారు చాలామంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 736 సీసీ ఇంజన్‌కీ, హోండా సీబీ 750కీ, కవాసాకి జెడ్1కీ కూడా వాళ్ల ఫ్రేములున్నాయి. పైకి ఒకేలా కనిపించినా లగ్గులు (ఇంజన్‌ను బిగించడానికి ఫ్రేముకి అతికిన చెవులు) ఎక్కడివక్కడ వేరు. మీ దగ్గరున్నది ఇలాంటి ఫ్రేమైతే వెతుకులాట చిన్నది: అది దేనికోసం పుట్టిందో ఆ ఇంజనే వెతకండి. మెటిస్ లగ్గులు గ్రైండర్‌తో ఎగరగొట్టి వేరే ఇంజన్ పెట్టమని వచ్చేవాళ్లకి నేను ఆ పని చేసిపెట్టను.

ఇక మిగిలింది, ఎవరో తమ షెడ్డులో కట్టుకున్న ఫ్రేము. వెనక షాకబ్జార్బర్లు లేని రిజిడ్ చాపర్లు ఎక్కువగా ఈ కోవలోవే. పేరుండదు, పుస్తకం ఉండదు. చదవాల్సింది ఫ్రేమునే.

ఎలా చదవాలంటే, ఇంజన్ మౌంటింగ్ లగ్గుల రంధ్రాల్లో వెర్నియర్ పెట్టి చూడండి. 5/16 అంగుళం అంటే సుమారు 7.9 మి.మీ., 3/8 అంగుళం అంటే 9.5 మి.మీ. ఈ కొలతలొస్తే లోపల కూర్చున్నది బ్రిటిష్ ఇంజనో అమెరికన్ ఇంజనో అయి ఉంటుంది. సరిగ్గా 8, 10 మి.మీ. బోల్టు పట్టేలా ఉంటే జపాన్ దారిలో ఆలోచించండి. రంధ్రం కోలగా అరిగి ఉంటే ఆ ఇంజన్ వదులుగా ఊగిందన్నమాట. అక్కడ బుష్, అంటే రంధ్రంలో దూర్చే చిన్న గొట్టపు ముక్క, వేయాలి. గొట్టాల మీద గ్రైండింగ్ గీతలు కనబడితే అక్కడ ఇంకో లగ్గు ఉండేది. హెడ్ పైపు (హ్యాండిల్ తిరిగే గొట్టం) దగ్గరో సీటు కిందో గొట్టానికి మరలున్న చిన్న రంధ్రాలుంటే ఆ గొట్టంలో ఆయిల్ తిరిగేది, అంటే డ్రై సంప్ ఇంజన్ (ఆయిల్ ఇంజన్ అడుగున కాక బయట విడిగా ఉండేది) అది. కింది గొట్టాలే లేకుండా, ఇంజన్ వేలాడే చోట ముందూ వెనకా బలమైన ప్లేట్లు మాత్రమే ఉంటే, ఇంజనే ఫ్రేములో భాగం. అలాంటి దాంట్లో, ఆ బరువు మోయడానికి తయారుకాని క్రాంక్‌కేసు (ఇంజన్ కింది భాగపు పెట్టె) పెట్టడం ప్రమాదం.

కొలతలు మొదలెట్టే ముందు ఫ్రేము తిన్నగా ఉందో లేదో చూడాలి. హెడ్ పైపులోంచి, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఊగే చేయి) పివట్‌లోంచి తిన్నని రాడ్లు దూర్చి, రెండూ ఒకదానికొకటి సరిగ్గా అడ్డంగా ఉన్నాయో లేదో దూరం నుంచి కంటితో చూసినా సగం తెలిసిపోతుంది. మిగతా సగానికి జిగ్, అంటే ఫ్రేమును పట్టి ఉంచి కొలిచే చట్రం, కావాలి. వంకర ఫ్రేములో కొలిచిన కొలతలు ఎందుకూ పనికిరావు.

కాగితాల సంగతీ ఇక్కడే తేల్చుకోండి. ఫ్రేము నంబరు, ఇంజన్ నంబరు, ఇంజన్ మార్పు, వీటి మీద ఒక్కో చోట ఒక్కో చట్టం. మీరున్న చోటి రవాణా శాఖ ఏం కోరుతుందో ముందే కనుక్కోండి. 1970కి ముందరి హార్లీ ఫ్రేముల మీద కంపెనీ నంబరు ఉండదు, బండికి గుర్తింపు ఇంజన్ మీద నంబరే. తెలియనివాడు "నంబరు చెరిపేశారు" అని కంగారుపడతాడు, తెలిసినవాడు ఆ కంగారునే బేరానికి వాడుకుంటాడు.

కొలవాల్సినవి, అందరూ మరిచిపోయేవి

పొడవు, వెడల్పు, ఎత్తు అందరూ కొలుస్తారు. కింది గొట్టాల మధ్య సందు, ముందు గొట్టం నుంచి వెనక మౌంటు దాకా దూరం, కింది గొట్టం నుంచి పై గొట్టం దాకా ఎత్తు. ఇవి కాగితం మీద రాసుకోండి, అంతే. అసలు తేడా వచ్చేది వీటి తర్వాత.

నేను ముందు చూసేది, ఇంజన్ ఫ్రేములో ఉండగానే సిలిండర్ హెడ్ (సిలిండర్ పైన కూర్చునే మూత భాగం) బయటికి వస్తుందా అని. హెడ్ పైకి లేవాలంటే దాన్ని పట్టి ఉంచే స్టడ్డుల (నిలువు మరల రాడ్ల) పొడవంత ఖాళీ పైన కావాలి. ఆ ఖాళీ లేకపోతే చిన్న గాస్కెట్ మార్చాలన్నా ఇంజన్ మొత్తం దించాలి. ఇది కొత్తవాళ్లకి మాత్రమే తగిలే దెబ్బ కాదు. ట్రయంఫ్ 1971లో ఆయిల్‌ను ఫ్రేములోనే ఉంచే కొత్త ఫ్రేము తెచ్చినప్పుడు, 650 ఇంజన్ రాకర్ బాక్సులతో (హెడ్ పైన వాల్వుల్ని తొక్కే భాగాల పెట్టెలు) సహా లోపలికి పోలేదు. ఇంజన్ ఫ్రేములోకి ఎక్కాక రాకర్ బాక్సులు బిగించేలా హెడ్‌ను మార్చుకోవాల్సి వచ్చింది. సొంత ఇంజన్, సొంత ఫ్రేము, చేతినిండా ఇంజనీర్లు ఉన్న ఫ్యాక్టరీకే ఆ గతి పట్టింది. మీరు టేపు తీసి ఇంకోసారి కొలవండి.

హెడ్ తర్వాత చైను. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇంజన్ మార్పులు ఎక్కువగా చెడేది ఇక్కడే. ఫ్రేము మధ్యగీత నుంచి గేర్‌బాక్సు స్ప్రాకెట్ పళ్ల మధ్యకి ఎంత దూరమో, వెనక చక్రం స్ప్రాకెట్ పళ్ల మధ్యకీ అంతే దూరం ఉండాలి. రెండు మి.మీ. తేడా ఉన్నా చైను పళ్ల పక్కల్ని కొరుక్కుంటూ పోతుంది. తేడా ఉంటే సర్దడానికి దారులున్నాయి: ఇంజన్‌నే కొన్ని మి.మీ. పక్కకి జరపొచ్చు (ఫ్యాక్టరీ బళ్లలో కూడా ఇంజన్ కచ్చితంగా మధ్యలోనే ఉండాలని లేదు), పక్కకి జరిగిన పళ్లున్న ఆఫ్‌సెట్ స్ప్రాకెట్ వేయొచ్చు, వెనక హబ్బుకీ స్ప్రాకెట్‌కీ మధ్య స్పేసర్ పెట్టొచ్చు. ముందు స్ప్రాకెట్‌ను మాత్రం బయటికి మరీ ఎక్కువ జరపొద్దు. గేర్‌బాక్సు షాఫ్టు బేరింగ్ మీద ఆ బరువంతా పడుతుంది. వెనక లావు టైరు వేయాలన్న సరదా ఉంటే ఆ టైరు అంచుకీ చైనుకీ మధ్య సందు ఇప్పుడే చూసుకోండి. పాత ఫ్రేముల్లో ఆ సందు చాలా తక్కువ.

చైను ఏ పక్క ఉందన్నదీ ముఖ్యమే. ట్రయంఫ్, నార్టన్ ట్విన్లకి చైను ఎడమ పక్క. హార్లీ స్పోర్ట్‌స్టర్‌కి నాలుగు గేర్లు ఉన్నన్నాళ్లు కుడి పక్క, 1991లో ఐదు గేర్లు వచ్చాక ఎడమ పక్క. ఒకే పేరు, ఒకే తరహా ఇంజన్, కానీ వెనక చక్రం మొత్తం మారిపోతుంది. దీనికి తోడు పెడళ్లు. పాత బ్రిటిష్ బళ్లలో గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. ఆ ఫ్రేములో ఎడమ పక్క గేరున్న జపాన్ ఇంజన్ పెడితే బ్రేకు పెడలు కుడి పక్కకి మారాలి, దాంతోపాటు వెనక డ్రమ్ముకి వెళ్లే రాడ్డో కేబులో మారాలి. ఎక్కువమందికి ఇది గుర్తొచ్చేది బండికి పెయింటు అయ్యాకే.

స్ప్రాకెట్ మధ్య నుంచి స్వింగ్ ఆర్మ్ పివట్ మధ్యకి ఎంత దూరమో కూడా రాసుకోండి. ఆ దూరం ఎంత తక్కువైతే అంత మంచిది. ఇంజన్ ముందుకి జరిగి ఆ దూరం పెరిగితే, వెనక చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడల్లా చైను బిగుస్తుంది, వదులవుతుంది. స్ప్రాకెట్, పివట్, వెనక ఇరుసు మూడూ ఒకే గీత మీదకి వచ్చినప్పుడు చైను అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. షాకబ్జార్బర్లు విప్పి, స్వింగ్ ఆర్మ్‌ను చేత్తో ఆ స్థితికి తెచ్చి, అక్కడ కూడా కాస్త వదులు మిగిలేలా చైను సెట్ చేయాలి.

ముందు వైపు చూడాల్సింది చక్రం. ఫోర్కు లోపలి స్ప్రింగులు తీసేసి, ఫోర్కును పూర్తిగా నొక్కి, చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూడండి. మడ్‌గార్డు సైలెన్సర్ గొట్టాలకి, హెడ్‌కి తగులుతుందేమో అప్పుడే తెలుస్తుంది. ఇంజన్‌ను వీలైనంత ముందుకీ కిందికీ పెట్టమని పాత రేసు మనుషులు చెప్పేది నిజమే, ముందు చక్రం మీద బరువు పడితే బండి మలుపులో నిలకడగా ఉంటుంది. ఆ ముందుకి జరపడం ఎక్కడ ఆగాలో ఈ పరీక్షే చెబుతుంది.

మిగతావి గబగబా: కిక్ రాడ్ పూర్తి చుట్టు తిరిగేటప్పుడు ఫుట్‌రెస్టుకి తగలకూడదు. కార్బొరేటర్ వెనక ఎయిర్ ఫిల్టరుకి చోటుండాలి. సీటు గొట్టం అడ్డొస్తే వంపు మానిఫోల్డు కావాలి. ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు, క్లచ్ అడ్జస్టర్, పాయింట్ల మూత, వీటన్నిటికీ పానా అందాలి. బ్యాటరీ ఎక్కడ పెడతారో కూడా.

ఉత్తుత్తి ఇంజన్

కొలతలు సరిపోయాయని ఇంజన్ కొనేయకండి. పనికిరాని క్రాంక్‌కేసులు వెతకండి: పగిలినవి, నంబరు లేనివి, లోపల ఏమీ లేనివి. పగిలిన కేసు మీద ఎవరికీ ఆశ ఉండదు కాబట్టి చవగ్గా వస్తుంది. దాని మీద పాత సిలిండర్, పాత హెడ్ పెడితే బయటి కొలతలన్నీ అసలు ఇంజన్‌వే. ఒక్క చేత్తో ఎత్తొచ్చు, ఫ్రేములో అటూ ఇటూ జరపొచ్చు, కింద చెక్క ముక్కలు పెట్టి ఎత్తు సర్దొచ్చు. కేసు దొరక్కపోతే ఎవరి దగ్గరైనా ఉన్న అదే ఇంజన్ ముందు కూర్చుని, పక్కనుంచి, పైనుంచి, ముందునుంచి అట్ట మీద ఆకారం గీసుకొచ్చి ప్లైవుడ్ ముక్కలు కోసుకోండి. ఫొటోల్ని నమ్ముకోవద్దు. కెమెరా దగ్గరి భాగాన్ని పెద్దగా, దూరపు భాగాన్ని చిన్నగా చూపిస్తుంది.

కేసు సరైన చోట కూర్చున్నాక మౌంటింగ్ ప్లేట్లకి ముందు అట్టతో, తర్వాత పల్చటి రేకుతో నమూనా చేయండి. అసలు ప్లేట్లు చివర్లో.

ఏ ఇంజన్లు చూడాలి

ఫెదర్‌బెడ్ చేతిలో ఉంటే నా ఓటు ప్రీ-యూనిట్ ట్రయంఫ్‌కే. అందులో ఇంజన్ వేరు, గేర్‌బాక్సు వేరు. రెండింటినీ విడివిడిగా జరుపుకోవచ్చు కాబట్టి చైను గీత కలపడం సులువు. నార్టన్ గేర్‌బాక్సునే ఉంచి ముందు ట్రయంఫ్ ఇంజన్ పెట్టేవాళ్లూ ఉన్నారు, అదీ పాత పద్ధతే. 650 ట్రయంఫ్ 1963 మోడల్ నుంచి యూనిట్ అయింది, ఇంజనూ గేర్‌బాక్సూ ఒకే కేసులో. అది ఇంకా గట్టిది, ఆయిల్ తక్కువ కారుతుంది, కానీ గేర్‌బాక్సును విడిగా జరిపే వెసులుబాటు పోయింది. విన్సెంట్ 998 సీసీ ఇంజన్ గురించి అడిగేవాళ్లకి ఒక్క మాట: విన్సెంట్ బళ్లలో, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి వాటిలో, ఇంజనే ఫ్రేము. దాన్ని తీసి ఫెదర్‌బెడ్‌లో ఇరికించడం అందంగానే ఉంటుంది, ఆ ఇంజన్ దొరికితే దాని సొంత బండిలోనే ఉంచడం నాకు ఇంకా అందంగా ఉంటుంది.

రోజూ నడపాలి, కిక్ కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టకూడదు అనుకుంటే యమహా ఎక్స్‌ఎస్ 650. 653 సీసీ నిలువు ట్విన్, చూడటానికి బ్రిటిష్ ఇంజన్ పోలికలు, లోపల రోలర్ బేరింగ్ క్రాంకు, వెట్ సంప్. ఆయిల్, ఇంజన్ అడుగునే ఉంటుంది కాబట్టి విడి ట్యాంకు బాధ లేదు. కేసులు అడ్డంగా విడిపోయేవి కాబట్టి కారడం తక్కువ. వణుకు మాత్రం ఉంటుంది. రెండు పిస్టన్లూ కలిసి ఎక్కి కలిసి దిగే 360 డిగ్రీల క్రాంకు ఇది. దాన్ని విప్పి 277 డిగ్రీలకి తిప్పి నొక్కించి, దానికి తగ్గట్టు క్యామ్‌షాఫ్టు కూడా మార్పించే పని చాలామంది చేయిస్తున్నారు. ఖర్చు భరించగలిగితే ఫలితం బాగుంటుంది.

సింగిల్ సిలిండర్ కావాలంటే యమహా ఎస్‌ఆర్ 500 సన్నటిది, తేలికైనది, దాదాపు ఏ ఫ్రేములోనైనా పడుతుంది. ఒక్క మెలిక: దాని ఆయిల్ దాని సొంత ఫ్రేము గొట్టంలో ఉండేది. ఇంజన్ ఒక్కటే తెచ్చుకుంటే ఆయిల్ ట్యాంకు మీరే కట్టుకోవాలి. సీబీ 750 పాత హోండా కూడా అంతే, డ్రై సంప్, ట్యాంకు పక్కన విడిగా. జెడ్1 903 సీసీ ఇంజన్‌కి ఆ బాధ లేదు, వెట్ సంప్. ఈ రెండూ వెడల్పైన ఇంజన్లు. ఫెదర్‌బెడ్ లాంటి వాటిలో కింది గొట్టాల సందు, కాళ్ల చోటు, మలుపులో వంగినప్పుడు కేసు నేలకి తగిలే కోణం, మూడూ చూసుకోవాలి. నాలుగు గొట్టాల సైలెన్సర్ రెండు ముందు గొట్టాల మధ్యలోంచి ఎలా వస్తుందో కూడా.

హార్లీ తరహా ఫ్రేములవాళ్లకి పని కాస్త తేలిక. హార్లీ షవల్‌హెడ్ ఇంజన్ (1966 నుంచి 1984) కూర్చున్న నాలుగు గేర్ల ఫ్రేములో ఆ తర్వాతి ఎవల్యూషన్ ఇంజన్ చాలావరకు అవే రంధ్రాల మీద కూర్చుంటుంది. రాకర్ బాక్సుల పైన సందు మాత్రం చూసుకోవాలి. 1999 మోడల్‌తో వచ్చిన ట్విన్ క్యామ్‌కి ఈ మాట వర్తించదు. దాని గేర్‌బాక్సు నేరుగా ఇంజన్‌కే బిగుస్తుంది, పాత ఫ్రేము ఏర్పాటు దానికి సరిపడదు.

షాఫ్టు డ్రైవ్ ఇంజన్లు, అంటే గుజ్జీ, బీఎండబ్ల్యూ వంటివి, చైను ఫ్రేముకి వద్దు. ఎంత నచ్చినా వద్దు.

ఏ పేరు రాసుకున్నా పక్కన ఇంకో ప్రశ్న రాసుకోండి: పిస్టన్ రింగులు, గాస్కెట్ సెట్టు, క్లచ్ ప్లేట్లు, పెద్ద బేరింగు (కనెక్టింగ్ రాడ్‌కి క్రాంకు వైపుండేది) దొరుకుతాయా? ట్రయంఫ్ ట్విన్లకి, ఎక్స్‌ఎస్ 650కి ఇప్పటికీ కొత్త భాగాలు తయారవుతున్నాయి. అరుదైన ఇంజన్ పెట్టిన బండి షెడ్డులో బాగుంటుంది, రోడ్డు మీద తక్కువ కనిపిస్తుంది.

కొనేముందు చేతులు మురికి చేసుకోండి

ముందు నంబరు చూడండి. గ్రైండర్ పట్టిన నునుపు, అక్షరాల మధ్య ఎగుడుదిగుడు ఉంటే వదిలేయండి. 1969 నుంచి ట్రయంఫ్ నంబరు కింది చోటంతా చిన్న చిన్న కంపెనీ గుర్తులు అచ్చేసి ఉంటాయి. అవి మధ్యలో చెరిగితే అనుమానించాలి. పాత హార్లీ కేసు రెండు సగాలకీ అడుగున బెల్లీ నంబర్లుంటాయి, రెండూ కలవాలి. కేసు సగాలు జతగా బోరు చేసినవి. వేరే జతలోంచి తెచ్చిన సగం అతికిస్తే క్రాంకు బేరింగులు ఒకే గీతలో ఉండవు.

తర్వాత పగుళ్లు. మౌంటింగ్ చెవుల మొదళ్లు, ముందు స్ప్రాకెట్ వెనక భాగం (చైను తెగి కొట్టేది అక్కడే), సిలిండర్ కింది అంచు. టార్చి ఒక పక్కనుంచి వాలుగా వేసి చూడండి, ఎదురుగా వేస్తే పగులు కనబడదు. అల్యూమినియం వెల్డింగ్ చేసిన చోటు రంగు వేరుగా ఉంటుంది.

ఇంజన్ తిరుగుతుంటే కంప్రెషన్ గేజీ పెట్టండి. ప్లగ్గులన్నీ తీసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, సూది ఆగేదాకా కిక్ కొట్టాలి. అంకె ఎంత వచ్చిందన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పది శాతం దాటితే కారణం వెతకాలి. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొట్టినప్పుడు అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. అమ్మేవాడు "ఇంజన్ బిగిసింది గానీ చిన్నదే" అంటే పూర్తి ఓవర్‌హాల్ లెక్కేసుకునే బేరమాడండి.

ట్రయంఫ్ ట్విన్ కొంటే, ఎంత బాగా నడుస్తున్నా, క్రాంకులోని స్లడ్జ్ ట్రాప్ శుభ్రం చేయించాల్సిందే. ఆయిల్‌లోని చెత్త పేరుకునే గొట్టం అది. నిండిపోతే కనెక్టింగ్ రాడ్ బేరింగులకి ఆయిల్ అందదు. అది తీయాలంటే క్రాంకు బయటికి రావాలి, కాబట్టి "ఇప్పుడే చేయించాను" అన్న మాటకి బిల్లు చూపించమనండి. ఎక్స్‌ఎస్ 650, జెడ్1 లాంటి రోలర్ క్రాంకులు ముక్కలుగా నొక్కి కట్టినవి. పెద్ద బేరింగు పోతే ప్రెస్సు, ట్రూయింగ్ (క్రాంకును తిన్నగా తిరిగేలా సర్దడం) తెలిసిన మనిషి కావాలి. మీకు అలాంటి మనిషి అందుబాటులో ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి ఇంజన్ ఎంచుకున్నా తప్పులేదు.

బిగించడం, వణుకు

ప్లేట్లకి 6 నుంచి 10 మి.మీ. మందం గట్టి అల్యూమినియం సరిపోతుంది. బోల్టు బిగించి ఫ్రేము గొట్టాన్ని ఇంజన్ దగ్గరికి లాగొద్దు. సందుంటే షిమ్ (పల్చటి రేకు ముక్క) వేయండి, తర్వాత బిగించండి. లాగి బిగించిన గొట్టం ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉంటుంది, పగులు అక్కడే మొదలవుతుంది. హెడ్ నుంచి పై గొట్టానికి వెళ్లే హెడ్ స్టెడీని చిన్న ముక్కే కదా అని వదిలేస్తారు. నిలువు ట్విన్లలో కింది ప్లేట్లు పగలడానికి చాలాసార్లు కారణం పైన ఆ ముక్క లేకపోవడమే.

నార్టన్ కమాండో ఇంజన్‌ను ఫెదర్‌బెడ్‌లో పెట్టాలనుకునేవాళ్లు ఇది వినాలి. కమాండో 1967లో ఐసోలాస్టిక్ అనే రబ్బరు మౌంట్లతో వచ్చింది, దాని క్రాంకును ఆ రబ్బర్లకి తగ్గట్టే బ్యాలెన్స్ చేశారు. అదే ఇంజన్‌ను గట్టి ప్లేట్లతో బిగిస్తే చేతులు తిమ్మిరెక్కుతాయి. క్రాంకు మళ్లీ బ్యాలెన్స్ చేయించాలి. మిగతా ట్విన్లకీ ఇంతో అంతో ఇదే మాట: ఒక ఫ్రేములో మెత్తగా ఉన్న ఇంజన్ ఇంకో ఫ్రేములో వణకొచ్చు. ఇంజన్ విప్పి ఉన్నప్పుడే బ్యాలెన్స్ చేయించేస్తే పని ఒక్కసారే.

లగ్గు కొత్తగా అతకాల్సొస్తే గొట్టం ఏ ఉక్కో తెలుసుకోండి. రేనాల్డ్స్ 531 గొట్టాలు పల్చటివి, ఎక్కువ వేడి చేస్తే బలం పోతుంది. వాటికి ఇత్తడి రాడ్డుతో బ్రాంజ్ వెల్డింగే సరి. ఫెదర్‌బెడ్‌లో కూడా మాంక్స్ రేసు ఫ్రేము 531, రోడ్డు బళ్ల ఫ్రేములు మామూలు ఉక్కు. రెండూ ఒకటే అనుకుని వెల్డర్ చేతికి ఇవ్వొద్దు.

ఇప్పుడు పవర్

పవర్ ఎంత అని అడిగే ముందు బ్రేకు ఎంత అని చూడండి. 46 గుర్రాల ట్రయంఫ్ టీ 120 కోసం సరిపోయిన ముందు డ్రమ్ము, 80 పైచిలుకు గుర్రాల జెడ్1కి సరిపోదు. బరువైన ఇంజన్ పెడితే ఫోర్కు స్ప్రింగులు కూడా గట్టివి కావాలి. బ్రేకులు, ఫోర్కు మార్చే ఖర్చు కూడా కలిపి లెక్కేస్తే పెద్ద ఇంజన్ సరదా చాలామందికి అక్కడే తగ్గుతుంది.

గేరింగు లెక్క కాగితం మీదే తేలుతుంది. టీ 120 టాప్ గేరులో మొత్తం నిష్పత్తి 4.84. ఇంజన్ నిమిషానికి 5000 చుట్లు తిరిగితే చక్రం 1033 చుట్లు. 18 అంగుళాల చక్రం టైరుతో సహా చుట్టుకొలత సుమారు 2.05 మీటర్లు అనుకుంటే గంటకి 127 కిలోమీటర్లు. మీ ఇంజన్ ప్రైమరీ నిష్పత్తి (క్రాంకుకీ క్లచ్‌కీ మధ్యది), టాప్ గేరు నిష్పత్తి, వెనక పళ్లని ముందు పళ్లతో భాగిస్తే వచ్చేది, ఈ మూడూ గుణించి ఇదే లెక్క వేసుకోండి. ముందు స్ప్రాకెట్‌లో 19 పళ్ల బదులు 20 వేస్తే అదే చుట్లకి వేగం ఐదు శాతం పెరుగుతుంది. వేర్వేరు పళ్ల ముందు స్ప్రాకెట్లు రెండు మూడు తెచ్చిపెట్టుకుంటే వెనకది కదిలించే పని రాదు.

బండి మొదటిసారి స్టార్టయ్యాక పెయింటుకి పరుగెత్తకండి. ఫ్రేముకి పల్చగా తెల్ల ప్రైమర్ ఒక్క పూత వేసి, మౌంటింగ్ బోల్టులన్నిటి మీదా గుర్తుగీత గీసి, ఒకట్రెండు వందల కిలోమీటర్లు తిప్పండి. పగులు పుడితే తెల్ల ప్రైమర్ మీద తుప్పు గీతై కనబడుతుంది, వదులైన బోల్టు గీత తప్పుతుంది. రెండూ చూసి, సర్దాల్సినవి సర్ది, ఇంజన్ మళ్లీ దించి అప్పుడు రంగు వేయించండి.